బెర్లిన్ కొనుక్కున్న అడవి

బెర్లిన్ ఆగ్నేయ కొసన ఉన్న క్యోపెనిక్ పేరెత్తితే జర్మన్లకు ముందు గుర్తొచ్చేది 1906 నాటి దొంగ కెప్టెన్. పాత సైనిక దుస్తులు తొడుక్కున్న ఓ చెప్పులు కుట్టేవాడు, దారిన పోయే సిపాయిలను వెంటేసుకుని పురపాలక భవనంలో జొరబడి, మేయర్ని అరెస్టు చేయించి డబ్బు పట్టుకుపోయాడు. కథ బాగానే ఉంటుంది. అంతకంటే పెద్ద కథ ఆ పేట నీళ్లది, అడవిది.

1856లో బెర్లిన్‌కు తొలి కుళాయి నీళ్లిచ్చింది ఓ ఇంగ్లీషు కంపెనీ. తర్వాత నగరమే దాన్ని కొనేసింది గానీ, ఇంజనీరు హెన్రీ గిల్‌ను మాత్రం వదులుకోలేదు. జనం పెరిగారు, స్ప్రే నది మురికైంది. గిల్ చూపు ఊరికి ఎగువనున్న మ్యూగెల్ సరస్సు మీద పడింది. 1893లో క్యోపెనిక్ దగ్గరి ఫ్రీడ్రిక్స్‌హాగెన్ ఒడ్డున, నీళ్లను ఇసుక పడకల్లో వడగట్టే జలకేంద్రం మొదలైంది. అంతకు ముందు ఏడాదే హాంబుర్గ్‌లో వడగట్టని ఎల్బే నీళ్లు తాగి 8 వేల మందికి పైగా కలరాతో పోయారు. పక్కనే, ఇంకా దిగువన ఉన్న ఆల్టోనా అదే నది నీళ్లు తాగినా, ఇసుకలో వడగట్టుకుని చాలావరకు గట్టెక్కింది. ఇసుక పడకల మీద ఎవరికైనా అనుమానాలుంటే అప్పటితో తీరిపోయాయి.

ఎర్ర ఇటుక, నిటారు కప్పులు, సూది కమానులు: ఒడ్డున నిలబడి చూస్తే పాత క్రైస్తవ మఠంలా ఉంటుంది గానీ పంపుహౌసంటే నమ్మబుద్ధి కాదు. లోపల భారీ ఆవిరి యంత్రాలు 1979 దాకా పనిచేశాయి. 1987లో అది మ్యూజియం అయింది. చూడవచ్చిన వాళ్ల కోసం ఇప్పుడు ఒక యంత్రాన్ని కరెంటు మోటారుతో తిప్పుతారు.

భవనం అందం సరే, నా దృష్టిలో అసలు ఘనకార్యం 1915 మార్చి 27న జరిగింది. స్థలాల వ్యాపారులు నగరం చుట్టూ అడవిని ముక్కలు చేసి అమ్ముతుంటే జనం, పత్రికలు ఏళ్ల తరబడి గోల పెట్టారు. చివరికి యుద్ధం నడుస్తుండగానే బృహత్ బెర్లిన్ సంఘం ప్రష్యా ప్రభుత్వం నుంచి దాదాపు 10,000 హెక్టార్ల అడవిని 5 కోట్ల మార్కులకు కొంది. ఇళ్లు కట్టకూడదు, తిరిగి అమ్మకూడదు. క్యోపెనిక్, గ్రూనౌ అడవులు అందులోవే. రాజులు దయతలచి ఇచ్చిన తోటలు కావివి, బేరమాడి కొన్నవి.

ఆ కొనుగోలు ఫలం నేల కింద కూడా దక్కింది. అప్పటికే సరస్సు నీటిని నేరుగా తోడడం తగ్గి, ఒడ్డు వెంట బావులు వచ్చాయి. సరస్సు అడుగు ఇసుకలోంచి ఇంకిన నీరే వాటిలోకి ఊరుతుంది. పైన ఫ్యాక్టరీలు, కాలనీలు లేకపోవడమే దానికి సగం రక్ష. నగరం 1961 నుంచి 28 ఏళ్లు గోడతో చీలినా తూర్పు బెర్లిన్‌కు ఈ ఏర్పాటు అక్కరకొచ్చింది.

ఆ కొనుగోలు రక్షణ మాత్రం అంతటా లేదు. నగర పొలిమేరకు ఆవలనున్న గ్రూన్‌హైడెలో, తాగునీటి రక్షిత ప్రాంతంలోనే, 2022లో టెస్లా కార్ల ఫ్యాక్టరీ తెరిచారు. 2024 ఫిబ్రవరిలో విస్తరణ మీద ఊళ్లో అభిప్రాయం అడిగితే, ఎక్కువమంది వద్దన్నారు. ఆ ఓటుకు కట్టుబడాలన్న నియమం లేదు. మే నెలలో స్థానిక సభ్యులు, నరికే అడవిని కొంత తగ్గించిన ప్రణాళికకు ఆమోదం తెలిపారు.