మూలన పడి లేచిన షుగరు మాత్ర

నడివయసులో షుగరు తేలితే డాక్టరు చీటీలో చాలామటుకు ముందు పడే పేరు మెట్‌ఫార్మిన్. ఈ తెల్ల మాత్ర మూలం ఐరోపా పచ్చిక బయళ్లలో పెరిగే గలీగా అనే మొక్క. అక్కడి నాటువైద్యంలో దానికి పాతకాలం నుంచే పేరుంది. ఎక్కువగా మేసిన గొర్రెలు మాత్రం చచ్చిపోయేవి. అందులోని గ్వానిడిన్ జాతి పదార్థాలే అటు మందూ, ఇటు విషమూ. గ్వానిడిన్ ఇస్తే జంతువుల రక్తంలో చక్కెర తగ్గుతోందని 1918లో గమనించారు.

1922లో డబ్లిన్‌లో వెర్నర్, బెల్ అనే రసాయన శాస్త్రజ్ఞులు మెట్‌ఫార్మిన్‌ను తయారుచేశారు. షుగరు సంగతి వాళ్ల ఊహలోనే లేదు. సరిగ్గా ఆ ఏడాదే టొరంటోలో ఇన్సులిన్ మనిషి ప్రాణం నిలబెట్టింది. ఇక వేరే మందు ఎవరిక్కావాలి? 1929లో కుందేళ్లలో ఇది చక్కెర తగ్గించిందని జర్మన్ పరిశోధకులు రాసినా ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఫిలిప్పీన్స్‌లో గార్సియా అనే వైద్యుడు దీన్ని ఫ్లూ జ్వరానికి వాడి, రక్తంలో చక్కెర తగ్గడం గమనించాడు. ఆ కబురు పారిస్‌లో జాన్ స్టెర్న్ చెవిన పడింది. చదువుకునే రోజుల్లోనే గలీగా మందుతో కుస్తీ పట్టినవాడాయన. ఈ జాతి మందుల్ని వరసగా పరీక్షించి మెట్‌ఫార్మిన్‌ను ఎంచుకున్నాడు. పెద్దయ్యాక షుగరు వచ్చినవాళ్లలో కొందరికి ఇన్సులిన్ అవసరమే తప్పింది. చిన్నప్పుడే వచ్చినవాళ్లకు మాత్రం తప్పలేదు. ఎవరికి పనికొస్తుందో, ఎవరికి రాదో 1957లోనే తేల్చి చెప్పాడన్నమాట. దానికి ఆయన పెట్టిన పేరు గ్లూకోఫేజ్, అంటే గ్లూకోజును తినేది. నిజానికి అది తినదు. కాలేయం అదనంగా చక్కెర వదలకుండా అడ్డుపడుతుంది.

ఇంతలో ఫెన్‌ఫార్మిన్ గొడవ. అదే జాతిది, ఇంకా ఘాటైనది. రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుని ప్రాణాలు పోవడంతో 1977లో అమెరికాలో దాన్ని ఆపేశారు. అన్న చేసిన నేరానికి తమ్ముణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టినట్టు, మెట్‌ఫార్మిన్ 1995 దాకా ఆ దేశపు దుకాణాల్లోకి రాలేదు.

నన్నడిగితే దీని అసలు పుట్టినరోజు 1998. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి సాగిన యూకేపీడీఎస్ అధ్యయనం ఫలితాలు వచ్చిన ఏడాది అది. స్థూలకాయులైన షుగరు రోగుల్లో ఈ మాత్రతో షుగరు సంబంధిత మరణాలు 42 శాతం తగ్గాయి. ఒక్కటే వాడితే షుగరు మరీ పడిపోవడమూ అరుదే.

లాక్టిక్ ఆమ్లం గురించిన పాత భయం ఊరికే పోలేదు. ఈ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి కాబట్టి ముందు క్రియాటినిన్ చూస్తారు. కిడ్నీల వడపోత ఎంతో చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువైతే ఇవ్వరు. కడుపులో తిప్పుతుందని తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, భోజనంతో వేసుకోమంటారు. ఏళ్లు గడిస్తే బీ12 విటమిన్ తగ్గవచ్చు. అరికాళ్ల తిమ్మిరిని షుగరు మీదికే నెట్టకుండా ఆ పరీక్షా చేయిస్తున్నారిప్పుడు.