స్త్రీల హక్కుల ఒప్పందం - మన ఆచారం

స్త్రీలపై అన్ని రకాల వివక్షనూ తొలగించాలనే ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 1979 డిసెంబరు 18న ఆమోదించింది. భారతదేశం 1980లో సంతకం పెట్టింది. అయితే సంతకం పెట్టినంత మాత్రాన సరిపోదు. దేశం దాన్ని ధ్రువీకరించాకే ఒప్పందానికి పూర్తిగా కట్టుబడుతుంది. ఆ పని 1993 జులై 9న జరిగింది.

అప్పుడు ప్రభుత్వం ఒక మెలిక పెట్టింది. ఏ సమాజమైనా తానే చొరవ తీసుకుని సమ్మతిస్తే తప్ప, దాని సొంత వ్యవహారాల్లో జోక్యం చేసుకోబోమని ప్రకటించింది.

ఈ మాట ఆదివాసులమైన మనకు బాగా వర్తిస్తుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు మామూలుగా వర్తించదు. మనలో భూమి పంపకం ఆచారం ప్రకారమే సాగుతుంది. చాలాచోట్ల ఆడపిల్లకు వాటా లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం భార్యాభర్తలిద్దరి పేరిటా పట్టా ఇవ్వాలంది.

మన ఆచారాన్ని మనం కాపాడుకుందాం. కూతురి వాటా మాట కూడా గ్రామసభలో మనమే ఎత్తుదాం.