మునిగిన కాయ

ఒంటిపూట బడి వదిలారు. సైకిలు గోడకి ఆనించి పాకలోకి అడుగుపెట్టగానే మామిడి సొన ఘాటు ముక్కుకి తగులుతుంది. పొద్దున కోసిన బంగినపల్లి కాయ కుప్పగా పోసి ఉంది. అరుగు మీద కూర్చుని నోటుబుక్కు తెరుస్తావు. రేపటికి తెలుగు మాస్టారు రాసుకు రమ్మన్న వ్యాసం: కార్బైడుతో కాయ మాగబెట్టడం మానాలి, చదివినవాళ్లు ఒప్పుకునేలా రాయండి.

రాత్రి రాసిన పేజీని నాన్నకి చదివి వినిపిస్తావు. మామిడి పండ్లలో రారాజు అన్న గైడు వాక్యంతో మొదలైంది. కాల్షియం కార్బైడుకి తేమ తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది, కార్బైడులో ఆర్సెనిక్ ఆనవాళ్లు ఉంటాయి, 2011 ఆహార భద్రత నిబంధనలు దాంతో కాయ మాగబెట్టడాన్ని నిషేధించాయి. ఒక్క తప్పూ లేదు.

నాన్న తువ్వాలుతో మెడ తుడుచుకుంటాడు.

"బాగుందమ్మా. మరి గాలిదుమారం వస్తే?"

ఆగిరిపల్లి పిల్లవి, ఆ ప్రశ్న బరువు నీకు తెలుసు. శోభనాచలం కొండ వైపు మబ్బు కమ్మిందంటే చాలు, తోటలున్న ప్రతి ఇంట్లో గుండె దడదడలాడుతుంది. రాలిన కాయకి రేటు ఉండదు. నున్న మార్కెట్టుకి ముందు తోలినవాడికే మంచి ధర. అందుకే ముదరకుండానే కోస్తారు. లేతకాయ గడ్డిలో సరిగా మాగదు కాబట్టి కార్బైడు పెడతారు. దుర్మార్గంతో కాదు, భయంతో. నీ పేజీలో ఆ భయం ఊసే లేదు.

మన పండితులు వాదానికి కూర్చుంటే ముందు ఎదుటివాడి మాటనే బలంగా నిలబెట్టేవాళ్లు. అది పూర్వపక్షం. సిద్ధాంతం ఆ తర్వాతే. ఇప్పుడు పిల్లలకి ఉపోద్ఘాతం, ముగింపు నేర్పుతున్నాం, మధ్యలో ఉండాల్సిన పూర్వపక్షాన్ని వదిలేశాం. నాకు బాధగా ఉంటుంది.

పేజీ తిప్పి రాస్తావు: "గాలిదుమారం వస్తే పంట పోతుంది. నిజమే." పెన్ను ఆగిపోతుంది. నిజమే అన్నాక ఇంకేం రాయాలి?

లేచి బకెట్టు నింపుతావు. కుప్పలోంచి రెండు కాయలు తీసి వేస్తావు. ఒకటి బుడుంగున మునిగింది, రెండోది తేలింది. మునిగింది ముదురు కాయ, వరిగడ్డిలో వేస్తే చాలు. తేలినదాన్ని నాన్న కత్తితో కోస్తాడు. లోపల తెల్లగా, పుల్లగా ఉంది. కార్బైడు దీని తోలుకి పసుపు రంగు తెస్తుంది, గుజ్జుకి తీపి తేలేదు. కొన్నవాడు మళ్లీ ఏడాది నీ కాయ అడగడు.

ఈసారి పెన్ను ఆగదు. తోటంతా ఒక్కరోజే కొయ్యొద్దు, ముదిరిన కొమ్మ ముందు కొయ్యండి. తొందరైతే ఎథిలీన్ గదిలో పెట్టండి, గాలిలో పది లక్షల వంతులకి 100 వంతులు దాటకుండా ఆ వాయువు వాడటానికి చట్టం ఒప్పుకుంది.

"ఆ గది మనలాంటోళ్లకి ఎవరు కట్టిస్తారు?"

ఆ ప్రశ్ననీ ఉన్నదున్నట్టు రాస్తావు, ఉద్యానశాఖ వాళ్లని అడుగుతున్నట్టుగా.

తలెత్తి చూస్తే నాన్న బకెట్టుని కుప్ప దగ్గరికి జరుపుకుంటున్నాడు. ఒక్కో కాయనీ నీళ్లలో వదులుతూ, తేలినవి పక్కన పెడుతూ, "రాయమ్మా, రాయి" అంటున్నాడు.