కోలారు గనుల్లో బారూ, క్లాంపూ

కేజీఎఫ్ నుంచి వచ్చినవాళ్ళమంటే చాలు, అందరూ బంగారం గురించే అడుగుతారు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ రావడం, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు రావడం, ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్ల లోతు దాటడం పుస్తకాల్లో దొరుకుతాయి. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన మా తాత మాత్రం క్లాంపు గురించి చెప్పేవాడు.

పాతకాలం గాలి డ్రిల్లులు నూరు కిలోలు దాటే బరువుండేవి. చేత్తో పట్టుకుని రాయి తొలిచే పని కాదది. అందుకని సొరంగంలో లావాటి ఇనప గొట్టం నిలబెట్టి, జాకీ స్క్రూ తిప్పి నేలకీ కప్పుకీ మధ్య బిగించేవాళ్ళు. అదే బారు. దానికి అడ్డంగా ఒక చెయ్యి, ఆ చేతి మీద డ్రిల్లు. వీటన్నిటినీ పట్టి ఉంచేది క్లాంపే.

గొట్టానికి కన్నం పెట్టో, వెల్డింగు చేసో అతికించొచ్చు కదా అంటారేమో. కుదరదు. కన్నాలు ఒక్కోటి ఒక్కో ఎత్తులో, ఒక్కో వాటంలో పడాలి. ప్రతిసారీ నట్టు వదులు చేసి, జరిపి, మళ్ళీ బిగించాలి. మందు కూరి పేల్చేముందు మొత్తం విప్పి దూరంగా మోసుకుపోవాలి. కాబట్టి పట్టంతా ఒరిపిడి మీదే.

క్లాంపంటే రెండు అరచిప్పలు, వాటిని కలిపే బోల్టులు. బిగించాక కూడా చిప్పల మధ్య కాస్త సందు మిగలాలి. అంచులు ఒకదానికొకటి ఆనుకున్నాయా, బోల్టు బలమంతా అక్కడే ఆగిపోతుంది, గొట్టానికి అందదు. అరిగిన క్లాంపుని తాత ఆ సందు చూసే పక్కన పెట్టేవాడట. చిప్ప మరీ సన్నగా ఉంటే బరువంతా ఒక్కచోటే పడి గొట్టం నొక్కుకుంటుంది. గొట్టం మీద నూనె ఉంటే ఎంత బిగించినా జారుతుంది.

పైగా డ్రిల్లు అదురుకి నట్లు వాటంతటవే వదులవుతాయి. అందుకే చేతి కిందుగా బారుకి ఇంకో పట్టీ వేసేవాళ్ళు, పైది జారినా దీనిమీద ఆగేట్టు. తొందరలో ఆ పట్టీ మానేస్తే డ్రిల్లు వచ్చి పడేది కింద ఉన్నవాడి కాళ్ళ మీదే. నాకైతే ఈ చరిత్రలో బంగారం కన్నా ఈ పట్టీయే పెద్దది.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత గాలికాలు తగిలించిన తేలిక డ్రిల్లులు గనుల్లో బాగా పెరిగాయి. ఒక్కడే నిలబడి తొలిచేయొచ్చు. బారుల పని అలా తగ్గుతూ వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులే మూతపడ్డాయి. రెండు అరచిప్పల క్లాంపు మాత్రం ఇప్పటికీ ఇళ్ళు కట్టేచోట సారువ గొట్టాల మీద కనిపిస్తుంది. ఈసారి చూసినప్పుడు సందు ఉందో లేదో గమనించండి.