డేవిడ్ వైన్: సైనిక స్థావరాల వెనక మనుషుల లెక్క తీసిన ఆంత్రోపాలజిస్టు

డేవిడ్ వైన్ అమెరికన్. చదివింది ఆంత్రోపాలజీ, అంటే మానవశాస్త్రం. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి, వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పారు. మానవశాస్త్రం అనగానే మనకు ఆదిలాబాద్ గోండుల మధ్య ఏళ్లు గడిపిన హైమన్‌డార్ఫ్ గుర్తొస్తారు. వైన్ కూడా జనం మధ్య కూర్చునే రాశారు. కాకపోతే ఆయన ఎంచుకున్నది అడవి కాదు, పరాయి గడ్డ మీద అమెరికా పెట్టుకున్న సైనిక స్థావరాలు. ఆయన ప్రశ్న సూటిగా ఉంటుంది: స్థావరం రాకముందు అక్కడ ఎవరున్నారు? వాళ్లేమయ్యారు?

ఈ ప్రశ్నతో మనకేం పని అనుకోవద్దు. ఆకివీడు, భీమవరం, తాడేపల్లిగూడెం వైపు నుంచి కువైట్, ఖతర్, బహ్రెయిన్ వెళ్లినవాళ్లు ఎందరో. కువైట్‌లో ఆరిఫ్‌జాన్ క్యాంపు, ఖతర్‌లో అల్ ఉదైద్ ఎయిర్‌బేస్, బహ్రెయిన్‌లో జుఫైర్ నౌకాస్థావరం, అన్నీ అమెరికా సైన్యం వాడుకునేవే. 2025 జూన్ 23 రాత్రి అల్ ఉదైద్ మీదికి ఇరాన్ క్షిపణులు వదిలింది. ప్రాణనష్టం జరగలేదు. కానీ ఖతర్ గగనతలం మూసేశారు, విమానాలు ఆగిపోయాయి. దోహాలో మనిషి ఉన్న ఇళ్లలో ఆ రాత్రి ఎలా గడిచిందో వేరే చెప్పక్కర్లేదు.

వైన్ ఈ దారిలోకి వచ్చింది 2001లో. అప్పటికింకా ఆయన విద్యార్థి. చాగోస్ దీవుల నుంచి వెళ్లగొట్టబడిన జనం తరఫున అమెరికా కోర్టులో దావా వేయబోతున్న న్యాయవాది మైకేల్ టైగర్‌కు ఒక మానవశాస్త్ర పరిశోధకుడు కావాల్సి వచ్చింది. ఊరు పోయినందువల్ల ఈ జనానికి జరిగిన నష్టం ఎంత, అది ఏ రకం నష్టం అన్నది తేల్చాలి. ఆ పని వైన్ చేతికి వచ్చింది. మారిషస్, సీషెల్స్ మురికివాడల్లో బతుకుతున్న చాగోసియన్ల దగ్గర నెలల తరబడి ఉండి వివరాలు సేకరించారు. అటు రిటైరైన అమెరికా అధికారులనూ కలిశారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2009లో, 'ఐలాండ్ ఆఫ్ షేమ్' పుస్తకం వచ్చింది. ఆయన రాసినవాటిలో నాకు అన్నిటికన్నా గట్టిదిగా అనిపించేది ఇదే.

చాగోస్ కథ కాస్త వివరంగా తెలియాలి. కన్యాకుమారికి దక్షిణంగా దాదాపు 1,800 కిలోమీటర్ల దూరంలో, హిందూ మహాసముద్రం నడుమ ఉన్న దీవులివి. వాటిలో పెద్దది డియెగో గార్షియా. 18వ శతాబ్దం చివర ఫ్రెంచివాళ్లు ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి బానిసలను తెచ్చి కొబ్బరి తోటలు వేయించారు. బానిసత్వం రద్దయ్యాక మన దక్షిణాది కూలీలనూ తీసుకెళ్లారు. మన కొరింగ రేవు నుంచి తెలుగు కూలీలు మారిషస్‌కు ఓడలెక్కింది కూడా ఆ కాలంలోనే. మారిషస్‌లో తెలుగువాళ్లకు కొరింగీలు అన్న పేరు అలా వచ్చింది. చాగోస్‌లో స్థిరపడినవాళ్లు తరాలు గడిచేసరికి ఒకే జనం అయిపోయారు. వాళ్లకంటూ ఒక భాష, ఇళ్లు, చర్చి, సమాధులు ఏర్పడ్డాయి.

1950ల చివర అమెరికా నౌకాదళంలో స్టూ బార్బర్ అనే సివిల్ ఉద్యోగి ఒక ఆలోచన చేశాడు. వలస దేశాలన్నీ స్వతంత్రమైపోతున్నాయి, రేపు స్థావరాలకు చోటు దొరకదు, కాబట్టి జనం తక్కువున్న దీవులను ఇప్పుడే చేజిక్కించుకోవాలి అన్నది ఆ ఆలోచన. 1965లో బ్రిటన్ చాగోస్‌ను మారిషస్ నుంచి విడదీసింది. 1966లో అమెరికాతో ఒప్పందం చేసుకుంది. బదులుగా పొలారిస్ క్షిపణుల కొనుగోలులో బ్రిటన్‌కు 1.4 కోట్ల డాలర్ల రాయితీ దక్కింది, అదీ గుట్టుగా.

మరి అక్కడున్న జనం? వాళ్లు స్థిర నివాసులు కారు, కాంట్రాక్టు కూలీలు అని కాగితం మీద రాసుకున్నారు. అంతే, తరతరాల కాపురం ఒక్క మాటతో చెరిగిపోయింది. కాగితం మీద గీత గీస్తే ఊళ్లో ఏమవుతుందో కొల్లేరు లంకలవాళ్లకు తెలుసు. ఐదో కాంటూరు గొడవ, 2006లో చెరువుల గట్లు తెంచడం ఇంకా మరిచిపోలేదు. అక్కడ కారణం పక్షుల అభయారణ్యం, ఇక్కడ యుద్ధం. రెండూ ఒకటి కావు. కొల్లేరులో ఎవర్నీ ఓడెక్కించి సముద్రం దాటించలేదు. చాగోస్‌లో చేసింది సరిగ్గా అదే.

1968 నుంచి వైద్యానికో, సరుకులకో మారిషస్ వెళ్లినవాళ్లను తిరిగి రానివ్వలేదు. రీటా బాంకూల్ట్ అలా చిక్కుకుపోయిన తల్లి. గాడిద బండి చక్రం కింద పడి పాదం నలిగిన కూతురికి వైద్యం చేయించడానికి కుటుంబంతో మారిషస్ వచ్చారు. పాప దక్కలేదు. తిరిగి పోదామంటే మీ దీవి అమ్ముడుపోయింది అన్నారు. 1971లో డియెగో గార్షియా ఖాళీ చేయించేటప్పుడు వెయ్యికి పైగా పెంపుడు కుక్కలను పట్టి, గ్యాస్ పెట్టి చంపారు. 1973 నాటికి మిగతా దీవులూ ఖాళీ అయ్యాయి. మొత్తం 1,500 నుంచి 2,000 మంది రోడ్డున పడ్డారు.

వైన్ గొప్పతనం ఈ నష్టాన్ని రూపాయల్లోనే కొలవకపోవడం. చాగోసియన్ల భాషలో 'సాగ్రెన్' అని ఒక మాట ఉంది, ఊరు మీద బెంగ అన్నమాట. ఫలానావాళ్లు ఎలా పోయారని అడిగితే జబ్బు పేరు చెప్పకుండా సాగ్రెన్‌తో పోయారని చెబుతారు. మనవాళ్లు దిగులుతో మంచం పట్టాడు అంటారే, అలాంటిదే. వైన్ దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయలేదు. పేదరికం, నిరుద్యోగం, అనారోగ్యం ఆ ఒక్క మాటలో ఎలా పెనవేసుకున్నాయో చూపించారు. స్టూ బార్బర్ కూడా ముసలితనంలో తన ఆలోచన ఎక్కడికి దారితీసిందో చూసి బాధపడి, వాళ్లను తిరిగి పోనివ్వాలని ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాలనూ వైన్ వెలికితీశారు. పుస్తకం మీద వచ్చే రాయల్టీని చాగోసియన్లకే ఇచ్చేశారు.

చాగోస్ నుంచి ఆయన చూపు అన్ని స్థావరాల మీదికి మళ్లింది. 2015లో 'బేస్ నేషన్' వచ్చింది. జర్మనీ, ఇటలీ, జపాన్‌లోని ఒకినావా, దక్షిణ కొరియా, గ్వామ్, హోండురస్ లాంటి చోట్ల తిరిగి రాసిన పుస్తకం. బయటి దేశాల్లో అమెరికాకు అప్పటికి 800 దాకా స్థావరాలున్నాయని, వాటి ఖర్చు ఏడాదికి కనీసం 7,180 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. 2021లో మరో ఇద్దరితో కలిసి లెక్క సవరించారు: 80 దేశాల్లో సుమారు 750. కొత్తగా వచ్చే చిన్న స్థావరాలను సైనికాధికారులు 'లిల్లీ ప్యాడ్'లు అంటారు. కొల్లేట్లో కప్ప ఒక కలువాకు మీంచి ఇంకో ఆకు మీదికి గెంతినట్టు, సైన్యం చిన్న చిన్న మజిలీల మీదుగా యుద్ధానికి చేరడం. స్థావరం దగ్గర్లో ఉంటే యుద్ధం మొదలుపెట్టడం తేలికవుతుందన్నది వైన్ వాదన. డియెగో గార్షియా నుంచి లేచిన బాంబర్లు 1991లో ఇరాక్ మీద, 2001లో అఫ్ఘానిస్తాన్ మీద, 2003లో మళ్లీ ఇరాక్ మీద పడ్డాయి. 2020లో తెచ్చిన 'ది యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ వార్'లో ఇదే వాదనను కొలంబస్ కాలం దాకా వెనక్కి లాగారు. చదవడానికి బాగుంటుంది గానీ, ఐదు వందల ఏళ్ల యుద్ధాలన్నిటినీ స్థావరాల లెక్కలో చూడటం ఒక్కోచోట బలవంతంగా ఉంటుంది.

అదే ఏడాది బ్రౌన్ యూనివర్సిటీ 'కాస్ట్స్ ఆఫ్ వార్' ప్రాజెక్టు కోసం ఆయన బృందం ఇంకో లెక్క తీసింది. 2001 తర్వాత అమెరికా చేసిన, లేదా పాలుపంచుకున్న యుద్ధాల వల్ల అఫ్ఘానిస్తాన్, ఇరాక్, పాకిస్తాన్, యెమెన్, సోమాలియా, ఫిలిప్పీన్స్, లిబియా, సిరియా దేశాల్లో కనీసం 3.7 కోట్ల మంది ఇల్లు విడిచారు. వీరిలో తర్వాత తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. ఈ ప్రాజెక్టు స్థాపకుల్లో ఒకరైన కేథరిన్ లట్జ్ కూడా ఆంత్రోపాలజిస్టే. ఫోర్ట్ బ్రాగ్ పక్కన ఉన్న ఫాయెట్‌విల్ పట్టణం మీద ఆమె 2001లోనే 'హోమ్‌ఫ్రంట్' రాశారు.

స్థావరాల్లో వండి, ఊడ్చి, లారీలు నడిపే ఆసియా కూలీల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం కావాలంటే ఆడమ్ మూర్ 2019లో రాసిన 'ఎంపైర్స్ లేబర్' చూడాలి. డియెగో గార్షియాలో ఇలాంటి పనులకు ఫిలిప్పీన్స్ నుంచి మనుషులను దింపారు. ఆ దీవిలోనే పుట్టిన చాగోసియన్లకు మాత్రం చాలా ఏళ్లు అక్కడ కూలి పని కూడా దొరకలేదు.

టైగర్ వేసిన దావాను అమెరికా కోర్టు 2004లో కొట్టేసింది. ఇది రాజకీయ వ్యవహారం, మేం తేల్చేది కాదంది. అప్పీలు 2006లో పోయింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో వందమంది చాగోసియన్లను ఓడలో తీసుకెళ్లి, పెద్దల సమాధులు చూపించి వెనక్కి తెచ్చారు. బ్రిటన్‌లో రీటా కొడుకు ఒలివియే బాంకూల్ట్ 2000లో కేసు గెలిచారు, 2008లో 3-2 తేడాతో ఓడారు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం చాగోస్‌ను మారిషస్‌కు ఇచ్చేయాలని అభిప్రాయం చెప్పింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం మిగతా దీవుల్లో చాగోసియన్లకు మళ్లీ నివాసం కల్పించుకునే వీలు మారిషస్‌కు ఉంటుంది. డియెగో గార్షియా మాత్రం 99 ఏళ్లు స్థావరంగానే ఉంటుంది. ఆ దీవిలో పుట్టినవాళ్లలో చిన్నవాళ్లకు కూడా ఇప్పుడు యాభై దాటాయి.