తెరుచుకోని రజతోత్సవ సంచిక

మన సంఘం రజతోత్సవ సంచిక 2000లో వచ్చింది. దాన్ని కంపోజ్ చేయించే పని నాకు అప్పగించారు. విజయవాడలో ఒక డీటీపీ సెంటర్లో పది రాత్రులు కూర్చున్నాను. ఆపరేటర్ టకటకా కొడుతుంటే పక్కన స్టూలు మీద ప్రూఫులు దిద్దాను. (ఆ టీ ఖర్చులు సంఘం నాకు ఇంకా ఇవ్వలేదు. కోశాధికారి గారు గమనించాలి.)

ఆ సంచికలో మన తెలుగు మాస్టారు బడి పుట్టుక గురించి రాసిన ఆరు పేజీలు ఈ స్వర్ణోత్సవ సంచికలో మళ్లీ వేద్దామని కమిటీ అనుకుంది. మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన చేతిరాత ప్రతి అప్పట్లోనే ప్రెస్సులో పోయింది. సీడీ నా బీరువాలో ఉందన్న ధీమాతో "నాకొదిలేయండి" అన్నాను. సీడీ పెడితే ఫైళ్ల పేర్లన్నీ కనిపించాయి. ఒక్కటీ తెరుచుకోలేదు.

అవి పేజ్‌మేకర్ ఫైళ్లు. అమెరికాలో ఆల్డస్ అనే కంపెనీ 1985లో మాకింటోష్ కోసం తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. సీసపు అక్షరాలు ఏరి పేర్చే కంపోజిటర్ల పనిని మన ఊళ్లలో బల్లమీదికి తెచ్చింది అదే. శుభలేఖలు, కరపత్రాలు, పత్రికలు అన్నీ దాంట్లోనే. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. 1999లో ఇన్‌డిజైన్ వచ్చింది. 2001 నాటి ఏడో వెర్షనే పేజ్‌మేకర్‌కు చివరిది. 2004లో దాని అభివృద్ధి ఆపేశారు. మనవాళ్లు మాత్రం ఆపలేదు. చేతికి అలవాటైన పనిముట్టు, పైగా పని జరుగుతోంది, ఎందుకు మానాలి? పాత పేజ్‌మేకర్ ఫైళ్లను ఇన్‌డిజైన్ కూడా 2012 నాటి సీఎస్6 వరకే తెరిచింది.

అసలు చిక్కు అక్షరాల్లో ఉంది. యూనికోడ్ 1991లో మొదటి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చినా పేజ్‌మేకర్‌కు ఆ సంగతి పట్టలేదు. అందుకని మన ఫాంట్లు చేసినవాళ్లు ఇంగ్లీషు అక్షరాలుండే గళ్లలో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు బొమ్మలుగా సర్దారు. ఒక్కొక్కరిది ఒక్కో సర్దుబాటు. ఆ ఫాంట్ లేకపోతే మాస్టారి వ్యాసం పిచ్చి ఇంగ్లీషు గీతల్లా కనబడుతుంది. మేము వాడిన తెలుగు ప్యాకేజీకి కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకు తగిలించే తాళం ఒకటుండేది. అది లేకపోతే నడవదు. ఆ సెంటర్ మూతపడ్డప్పుడు తాళం చెత్తలో పోయింది. అమ్మినవాళ్లను అడిగితే, పాత వెర్షన్‌కు తాళాలివ్వం, కొత్తది కొనుక్కోండి అన్నారు. ఉన్నా ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు. డబ్బిచ్చి కొన్న సరుకుకు ఈ గతేమిటని ఇప్పటికీ నాకు కోపమే.

చివరికి తెనాలిలో ఒక పాత ప్రెస్సులో ఎక్స్‌పీ కంప్యూటర్ దొరికింది. మైక్రోసాఫ్ట్ 2014లోనే ఎక్స్‌పీని వదిలేసినా యజమాని వదల్లేదు. వెనక తాళం, దానిమీద "ముట్టుకోవద్దు" అని చీటీ. "నెట్ పెట్టనండీ, పెడితే పోద్ది" అన్నాడాయన. మాస్టారి మొదటి నాలుగు పేజీలు తెరమీద చక్కగా వచ్చాయి. యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు తారుమారయ్యాయి, కూర్చుని దిద్దాను. మిగిలిన రెండు పేజీల ఫైలు చెడిపోయింది.

ఆ రెండు పేజీలను బడి లైబ్రరీలోని అచ్చు ప్రతి చూసి పదో తరగతి పిల్లలు టైపు చేసిపెట్టారు. అయితే 41వ పేజీ అడుగున అయిదు పంక్తులు చెదలు తినేసింది. బడికి స్థలమిచ్చిన రైతు గురించి మాస్టారు చెప్పిన మాటలు అక్కడే ఉన్నాయి. ఈ సంచికలో ఆ చోటు ఖాళీగా వదిలాం. మీలో ఎవరి అటక మీదైనా 2000 నాటి సంచిక ఉంటే దయచేసి ఆ పేజీ ఫొటో తీసి సంఘానికి పంపండి.