భీముని పాదం జలపాతం

మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలో, కొమ్ములవంచ సమీపంలోని అడవిలో ఉన్న జలపాతం. ఎత్తు సుమారు 70 అడుగులు. పాండవులు వనవాసంలో ఇటు వచ్చినప్పుడు భీముడి అడుగు పడి ఏర్పడిందని స్థానికుల నమ్మకం; పేరు అలా వచ్చిందే. అర్ధచంద్రాకారంలో వంగిన రాతిగోడ మీదుగా నీరు జారి మడుగులో పడుతుంది. వానాకాలంలో చూడాలి దీన్ని. అప్పుడు గోడ అంచున ధార చిక్కగా దిగుతుంది, కింద నిలబడినవాళ్ల బట్టలు తుంపరకే తడిసిపోతాయి. నాచు పట్టిన రాళ్ల మీద అడుగు ఆచితూచి వేయాలి.

ఉదయాన్నే బయలుదేరితే ఒక్క రోజులో పాకాల చెరువునూ, గణపురం కోటగుళ్లనూ కలుపుకోవచ్చు. నర్సంపేట వైపున్న పాకాలను కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో, కొండల నడుమ కట్టవేసి నిర్మించారు. వంద కోట్ల ఏళ్లు పైబడిన ఇక్కడి శిలాశ్రేణికి భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ చెరువు పేరే పెట్టారు.

ములుగు దాటాక భూపాలపల్లి జిల్లాలో వచ్చే కోటగుళ్లు కూడా కాకతీయుల కాలానివే. రాతి ప్రాకారం లోపల ప్రధాన శివాలయం, దాని చుట్టూ చిన్న గుళ్లు, మొత్తం 22. చాలావరకు శిథిలమయ్యాయి. అయినా మదనికల (స్త్రీ శిల్పాల) నడుము వంపు, ఏనుగునెక్కిన సింహరూపాలు కనిపిస్తూనే ఉన్నాయి. దగ్గర్లోని రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు దక్కింది. రామప్పకు వచ్చేవారు ఈ గుళ్లకూ రావాలి.